ఎవరి పెండ్లిరా

ఎర్రచందనానికి వాసన ఉండదు.
ఈ మాట నాకు చెప్పింది హుసేనప్ప,
మైదుకూరు పసుపు మండీ వెనక
బెంజి లారీ టైరు మీద కాలు పెట్టి
బీడీ ముట్టిచ్చుకుంటా.
"వాసనుంటే కుక్కకైనా తెలుస్తాది.
దాని గుట్టంతా బరువులోనే ఉండాది."

అప్పటికి నాకు పదమూడేండ్లు.
క్లీనరు పని అంటే ఏముంది?
రేడియేటరుకు నీళ్లు, అద్దానికి గుడ్డ,
ఎత్తు ఎక్కేటప్పుడు చక్రం వెనక రాయి,
డ్రైవరు కునికితే భుజం మీద చెయ్యి.

హుసేనప్ప దొంగ కాదు.
ఈ పొద్దు కూడా ఎవరి ముందరైనా అంటా ఆ మాట.
దోవలో తప్పిపోయిన గొర్రెపిల్లను
ఒళ్లో పెట్టుకుని మూడూర్లు అడిగి అప్పజెప్పినోడు.
మూడు కంతులు తప్పినాయి, అంతే.
నాలుగోది తప్పితే బండి గుంజుకుపోతామని
ఫైనాన్సు ఆయన చీటీ పంపినాడు.
ఆ సాయంత్రమే ఇంకో ఆయన వచ్చినాడు.
పేరు చెప్పలేదు.
మా దోవలో దుమ్మంటని చెప్పుల్ని
నేను చూసింది ఆ దినమే.

లంకమల అంచున, వంక పక్కన
దీపాలార్పి నిలిపినాం.
ఒక్కో దుంగకు నలుగురు.
నలుగురు మోసేది ఇంకొకటి ఏముందో
అప్పుడు నాకు తట్టలేదు.
నేనూ ఒక చెయ్యి వేసినా.
అడుగున దుంగలు, పైన పసుపు మూటలు.
కమాన్‌కట్టలు వంగిన చప్పుడూ
హుసేనప్ప పండ్లు కొరికిన చప్పుడూ
ఒకటే మాదిరి వినపడినాయి.

రాజంపేట దోవలో కాపలా గట్టిగుందని
చుట్టు తిరిగి గువ్వలచెరువు ఘాటు పట్టినాం.
ఎప్పుడూ పాలకోవా కొనిచ్చే అంగడి దగ్గర
ఆయన ఆపలేదు, నేను అడగలేదు.
వాన.
రెండు వైపర్లలో నా పక్కదే ఆడుతాంది.
"నువ్వు చూసి చెప్పు, నేను తిప్పుతా" అన్నాడు.
మలుపు మలుపుకూ
కండ్లు నావి, చేతులు ఆయనవి.
నేరంలో నా వాటా ఎంతని
ఎవురైనా అడిగితే
ఆ ఘాటు పొడుగు చెప్తా.

చెక్‌పోస్టులో ముసలి కానిస్టేబులు ఒక్కడే.
మూటలో చెయ్యి పెట్టి, ముక్కుకు ఆనిచ్చుకుని
"మంచి పసుపే" అన్నాడు.
బయటపడినాం అనుకునేలోపల
లాంతరు నా మీదికి తిరిగింది.

నా చేతులు.
దుంగల పొట్టు వాన నీళ్లకు నాని
అరచేతుల నిండా ఎరుపు,
గోర్ల సందుల్లో ఎరుపు,
మణికట్టు దాకా పసుపు.

"ఏమిరా అబ్బోడా, పసుపూ గోరింటాకూ!
ఎవరి పెండ్లిరా?"

హుసేనప్ప నా పక్క చూడలేదు.
ఇంజను చప్పుడులో
ఆయన ఊపిరి ఆగిపోవడం విన్యా.

"మా అక్కది సార్."

నాకు అక్క లేదు.

ముసలాయన నవ్వినాడు.
తడిసిన జేబులో వెతికి వెతికి
ఒక రూపాయి బిళ్ల తీసి
నా ఎర్ర చేతిలో పెట్టినాడు.
"చదివింపులు రాపిచ్చు" అని
గేటు ఎత్తినాడు.

తెల్లారినాక వేలూరులో
బోరింగు కింద కూర్చోబెట్టి
కిరసనాయిలు పోసి నా చేతులు రుద్దినాడు హుసేనప్ప,
తోలు లేచిపోయేటట్టు.
బస్సుకు డబ్బులిచ్చి
"ఇంగ నా బండి ఎక్కొద్దు" అన్నాడు.
కోపమనుకున్యా.
కడప దాకా ఏడ్చినా.

నా తర్వాత ఆయన క్లీనరును పెట్టుకోలేదంట.
అయిదో ట్రిప్పులో దొరికినాడు.
లారీ స్టేషను వెనక నిలిచిపోయింది.
వైపర్లు రెండూ ఎవురో విప్పుకుపోయినారు,
నా పక్కది కూడా.

ఇప్పుడు నాకు సొంత బండి ఉండాది.
ఉల్లిగడ్డలు, సిమెంటు, ఏదైనా తోల్తా.
పసుపు మాత్రం ఎత్తను.
ఆ రూపాయి డాష్‌బోర్డు అరలోనే ఉంది,
టోల్‌గేట్లలో చిల్లర వెతికేటప్పుడు
చేతికి తగుల్తాది.

ఆ ముసలాయన ఏ ఊరోడో,
ఇంట్లో ఆడబిడ్డలున్నారో లేదో.
చదివింపు అంటే
మళ్లీ వాళ్లింటి పెండ్లిలో తిరిగియ్యాల.